పవళింపు మేళం

కరెంటు పోయింది. నడిమింట్లో కంప్యూటర్ తెర ఒక్కసారిగా నల్లబడింది. వంటింట్లో పేర్రాజు సన్నాయి మాత్రం ఆగలేదు. చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను పొద్దున్నే ఆపేశారు. కిటికీలకు బొంతలు కట్టేశారు. ఇక ఆయనకెలా తెలుస్తుంది? కళ్లు మూసుకుని, బుగ్గలు పూరించి, భూపాల రాగాన్ని పైస్థాయికి లాక్కెళ్తున్నాడు.

"నాన్నా, ఆపు. పోయింది," అని గుమ్మంలోంచి కేకేసింది కూతురు నాగదుర్గ.

సన్నాయి తెగింది. "ఎంతవరకూ పోయిందే?"

"మొదట్నించీ."

వరండాలో డోలు ముందు కూర్చున్న ఆయన తమ్ముడు తాతారావు చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "పొద్దుట్నించీ మూడుసార్లు లేపాం సామిని. మళ్లీ లేపామంటే ఆ పిల్లనగోవి పుచ్చుకుని కొట్టడానికొచ్చేత్తాడు."

నవ్వే ఓపిక నాగదుర్గకు లేదు. వైశాఖపు ఎండ. బొంతల వెనక ఇల్లు ఆవిరికుడుములా ఉడుకుతోంది. మైకు దగ్గర పెట్టి సన్నాయి ఊదిస్తే తెరమీద గీతలన్నీ ఎర్రబడి, పాట గరగరలాడిపోయింది. అందుకే తండ్రిని వంటింట్లోకీ, బాబాయిని వరండాలోకీ తోసి, మైకును దోమతెర కర్రకు కట్టి మధ్యలో నిలబెట్టింది. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. రామచంద్రపురంలో ఆరునెలల కంప్యూటర్ కోర్సు చదివింది. అక్కడే మూతపడ్డ ఇంటర్నెట్ సెంటర్లో ఈ పాత పెట్టె కొనుక్కొచ్చుకుంది. ట్రాక్టర్ డ్రైవర్లూ ఆటోవాళ్లూ అడిగిన పాటలు సిడిల్లో నింపి, ముప్పై రూపాయలు పుచ్చుకుంటుంది. సొంతంగా రికార్డింగ్ చెయ్యడం ఇదే మొదలు.

పని ఒప్పజెప్పింది గుడి ఛైర్మన్ గున్నేశ్వరరావు గారు. వేణుగోపాలస్వామికి పొద్దుటి మేలుకొలుపు, మధ్యాహ్నం నైవేద్యం, రాత్రి పవళింపు, ఈ మూడు మేళాలూ ఒక్క సిడిలోకి ఎక్కించాలి. అయిదువేలిస్తానన్నారు.

పేర్రాజు సంబరపడింది ఆ డబ్బుకి కాదు. ఆయన పైపళ్లు రెండూ కదిలిపోతున్నాయి. అవి రాలితే సన్నాయి పీక పెదాల మధ్య నిలవదు. గుడివాళ్లిచ్చే నెలకు మూడొందలు పోతే పోయాయి. తాతలనాటి ఎనభై సెంట్ల గుడి మాన్యం ఉంది, మేళం సేవ కిందే దున్నుకుంటున్నారు. రెండిళ్లవాళ్లూ ఆ గింజలే తింటున్నారు.

"పళ్లు పోయినా నా ఊపిరి సామి చెవిలో పడతానే ఉంటాది. సేవ తప్పదు, మాన్యం ఎక్కడికీ పోదు," అని నాలుగు రోజులుగా అదే మాట. నాగదుర్గా అదే నమ్మింది.

భోజనాలవేళకు కరెంటొచ్చింది. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి మేలుకొలుపూ నైవేద్యం మేళమూ నిలబడ్డాయి. పాటలో అక్కడక్కడా తండ్రి దగ్గు పడింది. తెరమీద అది గీతల నడుమ తుమ్మముల్లులా కనబడుతోంది. ఒక్కోదాన్నీ పట్టుకుని కత్తిరించింది. రెండు కోతల మధ్యా అతుకు కనపడకుండా సర్దుతుంటే వాకిట్లో మోటార్‌సైకిల్ ఆగింది.

గున్నేశ్వరరావు గారు లోపలికొచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నారు. పేర్రాజు భుజంమీది కండువా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటయ్యా పేర్రాజూ, అయ్యిందా?"

"రెండయ్యాయండి. పవళింపొకటి ఉందండి."

"ఏదీ, వినిపించమ్మా."

నాగదుర్గ స్పీకర్లు పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని తలూపారు. "బ్రహ్మాండం! అచ్చం గుళ్లో కూర్చున్నట్టే ఉంది. నిన్ననే బజార్లో మన కోమటాయన అడుగుతున్నాడు, పేర్రాజు సన్నాయి లేకపోతే ఎలాగండీ అని. ఇది పెడితే ఇంకెవడడుగుతాడు? నువ్వే ఊదుతున్నావనుకుంటారు."

"ఆయ్, తమరి దయండి."

"రేపట్నించీ నువ్వు హాయిగా పడుకో. పూజారి స్విచ్చేసుకుంటాడు. ఇంకోటి, ఆ మాన్యంలో ఈసారి ఊడుపులు పెట్టకు. దానికి వేలం పెడతన్నాం. పక్కనే నా చేపల చెరువుంది గదా, గట్టు తీసేత్తే ఒక్కటైపోద్ది."

పేర్రాజు చేతిలో కండువా మెలిపడింది. "మాన్యం... సేవదండి బాబూ."

"సేవ చేసే మనిషిదయ్యా. మనిషే రానక్కర్లేనప్పుడు మాన్యమేంటి? సిడి అన్నం తింటాదా?"

ఆయన తన మాటకు తనే నవ్వుకున్నారు. తాతారావు డోలు మీద చెయ్యి అలాగే ఉంచాడు.

పొద్దుట్నించీ ఒళ్లొంచి ఎవరి అన్నం కత్తిరించిందో నాగదుర్గకు అప్పుడు తెలిసింది. తండ్రి వంక చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆయ్, చిత్తం తప్ప ఇంకో మాట పెద్దవాళ్ల ముందు వినలేదు.

"కానియ్ మరి. ఆ పవళింపు కూడా లాగించెయ్యి. నాకవతల పనుంది," అన్నారు ఛైర్మన్.

పేర్రాజు సన్నాయి తీశాడు. పీక ఊడదీసి, నాలికమీద తడిచేసి, మళ్లీ బిగించలేదు. గుడ్డలో చుట్టేశాడు.

"పవళింపు పగలు ఊదకూడదండి."

"ఏంటీ?"

"సామిని పట్టపగలు పడుకోబెట్టమండి. మా తాతలనాటి కట్టు. దీపారాధనయ్యాక, గుళ్లోనే, తలుపులేసే ముందు ఊదాలండి. ఇంట్లో ఊదనండి."

"మిషనులో ఊదడానికి పగలేంటి, రాత్రేంటి?"

"ఊదనండి," అన్నాడు పేర్రాజు మళ్లీ.

ఆయన విసుగ్గా నాగదుర్గ వైపు తిరిగారు. "సరేలే, చాదస్తం. నువ్వు చదువుకున్నదానివి. పొద్దుటి మేళాన్నే కాస్త నెమ్మది చేసి రాత్రికి కూడా పెట్టెయ్యమ్మా. కంప్యూటర్లో కానిదేముంది?"

కాకేం? నాలుగు నొక్కులు. అడుగుతున్నాయన వేళ్లకు రానిదీ, ఈ ఇంట్లో తనొక్కతికే వచ్చినదీ అదే.

"అవుద్దండి," అంది. "నేను చెయ్యనండి. చేసిన రెండూ కూడా ఇవ్వనండి."

"ఏంటే కూశావ్?" ఆయన కుర్చీలోంచి లేచారు. "రాజమండ్రిలో నీ ముప్పై రూపాయల సిడిలు బుట్టలకొద్దీ దొరుకుతాయి. మీ బాబు సన్నాయొకటేనా లోకంలో?"

"ఆయ్, తెచ్చుకోండి. అది మా నాన్న ఊదింది కాదని మొదటిరోజే ఊరందరికీ తెలిసిపోద్దండి. అప్పుడడుగుతారు, పేర్రాజేడని. తమరే చెప్పుకోండి."

ఆయన మొహం కందగడ్డయింది. "ఇవాళ దీపాల వేళకి గుళ్లో అడుగెట్టండి, చూద్దాం," అని వెళ్లిపోయారు. మోటార్‌సైకిల్ గుడివైపే తిరిగింది.

"గుడి గేటు మూయించేత్తాడన్నయ్యా," అన్నాడు తాతారావు.

పొద్దు వాలేసరికి పేర్రాజు పెరట్లోకి నడిచాడు. నూతి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకున్నాడు. సన్నాయి చంకలో పెట్టుకుని కండువా భుజాన వేసుకున్నాడు. తమ్ముడి వైపు చూశాడు. తాతారావు ఒక్క క్షణం తటపటాయించి, డోలు తగిలించుకుని లేచాడు.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా నాగదుర్గ గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలికెళ్లి కిటికీల బొంతలన్నీ ఊడబీకింది. వేడిగాలి ఇంట్లోకి కొట్టింది. అవతలి వీధిలో పిల్లల అరుపులు, ఇంటికి మళ్లే గేదెల మెడగంటలు, ఎక్కడో ఆటోలో పాట వినబడుతున్నాయి. గుడి గోపురం మీద దీపం వెలిగింది.

ఆమె కంప్యూటర్ కట్టేసి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది, గుడివైపే చెవి పెట్టి.