గట్టులో మట్టి గొట్టాలు

విత్తనాలమ్మకు ఆ నీలిపూల మడి అంటే ప్రాణం. నీళ్లు కరువైన నేలలో పూసే ఆ పూల గింజలు అమ్మి ఆవిడ ఇల్లు నెట్టుకొస్తోంది. ఆ పూలను తేనెటీగలు ముట్టవు. ఓ రకం కందిరీగలు వచ్చి వాలితేనే కాయలో గింజ పడుతుంది. ఇవి తక్కిన కందిరీగల్లా పురుగుల్ని వేటాడవు, పూల తేనే, పుప్పొడే వీటికీ వీటి పిల్లలకీ తిండి. ఈ సంగతి మరిదికి చెప్పడమూ గోడకు చెప్పడమూ ఒకటే. చిన్నప్పుడు ఏదో కందిరీగ కుట్టి మొహం వాచింది మొదలు, ఆ పేరు వింటే చాలు అతని పై ప్రాణాలు పైనే పోతాయి.

కారే కొళాయి దగ్గర అవి మూగుతున్నాయని పోయినేడు అతను వాషరు మార్చాడు. నీళ్లు ఆదా అయ్యాయని ఆవిడా మెచ్చుకుంది. అక్కడే ఇద్దరూ పప్పులో కాలేశారు. పూలు విరగబూశాయి గానీ ఒక్క కాయలోనూ గింజ లేదు. ఈ ఏడూ ఇంతే అయితే మడి చదును చేసి తన వ్యానుకు షెడ్డు వేస్తానన్నాడు మరిది. పౌరుషానికి పోయి ఆవిడ సరేనంది.

మళ్లీ పూలు విచ్చాయి. ఓ పొద్దున మడి పక్క గట్టు మీద ఒంటరి కందిరీగ ఒకటి మట్టిని గోకుతూ కనిపించింది. పొడి రాలుతోంది తప్ప ముద్ద కట్టడం లేదు. నోట నీళ్లు తెచ్చి మట్టి నానబెడితేనే వీటికి గూడని అప్పుడు వెలిగింది ఆవిడకు. నా కొంప నేనే ముంచుకున్నానే అని తల బాదుకుని, వెళ్లి ఆ వాషరు పీకి పారేసింది. కొళాయి మళ్లీ కారసాగింది.

కొన్నాళ్లకే గట్టులో బొరియలు పడ్డాయి, వాటి మూతుల దగ్గర చిన్న చిన్న మట్టి గొట్టాలు లేచాయి. మరిది పురుగుమందు పంపు భుజానేసుకుని వచ్చాడు.

"జరగండి వదినా."

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని ఉత్త చేతిని గొట్టాలకు అడ్డం పెట్టింది.

"కొట్టు. నా చేతి మీదే కొట్టు."

ఇంటిదారి మూసుకుపోయిన కందిరీగ ఒకటి వచ్చి ఆ చేతి మీద వాలింది. ఆవిడ చెయ్యి తీయలేదు. అది వేళ్ల సందున దూరి బొరియలోకి పోయింది. మరిది పంపు దించాడు. ఈసారీ గింజ రాకపోతే ఏం చేస్తారని గొణిగాడు.

"రాకపోతే మళ్లీ విత్తుతా."

"మాటిచ్చారుగా!"

"ఇచ్చాను. తప్పుతున్నాను. వెళ్లి నలుగురికీ చెప్పుకో."