తొలి తెర

మనం ఎన్నోసార్లు అన్న మాట ఇంకొకరి నోట మెప్పు పొందినప్పుడు కలిగే బాధకు పేరేమిటి?

ఉతికిన దుప్పటి రెండు కొసలనూ గడ్డం కింద నొక్కిపెట్టుకొని, మిగిలిన రెండు కొసల కోసం చేతులు చాపుతూ నన్ను నేనే అడిగాను. దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో ఆ రెండో మనిషి నా గడ్డమే. తలుపు అవతల, ముందు గదిలో, మావారు ఆఫీసు సమావేశంలో ఉన్నారు. ఆయన కంప్యూటర్‌లోంచి ఒక ఆడగొంతు, ఎక్కడా తొట్రుపాటు లేని గొంతు, వినిపిస్తోంది.

"అన్ని భాషల ఫాంట్లూ ఇన్‌స్టాలర్‌లోనే పెట్టేద్దాం సార్. తర్వాత దించుకోమనడం దేనికి? దించుకోవడం ఎలాగో రాసిన పేజీ కూడా ఫాంటు లేనివాళ్లకి డబ్బాలుగానే కనిపిస్తుంది కదా! తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టు."

అందరూ నవ్వారు. మావారు అందరికన్నా గట్టిగా నవ్వారు. "అద్భుతం! ఇన్నాళ్లూ ఇది మనకెందుకు తట్టలేదో!"

నేను దుప్పటిని మడత మీద మడత వేశాను. ఇక మడత పడనని అది మొండికేసేదాకా వేశాను.

మావారి ఆఫీసులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారవుతుంది. బడుల్లో, గ్రంథాలయాల్లో, చిన్న ఆసుపత్రుల్లో కంప్యూటర్లు దాని మీదే నడుస్తాయి. కొత్త కంప్యూటర్‌లోకి దాన్ని ఎక్కించే ఇన్‌స్టాలర్ విభాగానికి ఆయన పెద్ద. ఒకప్పుడు నేనూ అక్కడే పనిచేశాను. అక్షరాలు గీసేదాన్ని. ఒక భాషకు ఫాంటు లేకపోతే అక్షరం ఉండవలసిన చోట ఖాళీ డబ్బా నిలబడుతుంది. ఆ డబ్బాలను అక్కడినుంచి ఖాళీ చేయించి అక్షరాలను నిలబెట్టడమే నా పని. ఒత్తు పక్క అక్షరానికి తగులుతోందని రోజంతా పట్టుబట్టేదాన్ని కాబట్టి నన్ను ఒత్తులమ్మ అనేవారు. పాప పుట్టాక కొన్నాళ్లు మానేద్దామన్నారు. మానేశాను. ఆ కొన్నాళ్లకు ఎవరూ గడువు పెట్టలేదు. ఇప్పుడు పాప తన జడ తానే వేసుకుంటోంది.

ఉద్యోగం పోయింది కాని, పని పోలేదు. ఇన్‌స్టాలర్ ప్రతి కొత్త రూపాన్నీ మావారు మా భోజనాల బల్ల మీది పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి, "ఒక్కసారి చూసిపెట్టవోయ్" అంటారు. నేను దాన్ని మొదటినుంచి ఎక్కిస్తాను, తప్పులు చెబుతాను. ఆయన సమావేశంలో, "మా ఇంట్లో కూడా పరీక్షించాం" అంటారు. గోడలూ గుమ్మాలూ కలిసి పరీక్షించాయన్నమాట!

ఫాంట్లు ముందే ఉండాలని నేను ఎన్నిసార్లు అన్నానో. ఒకసారి భోజనాల దగ్గర, కాస్త ఆవేశంగానే అన్నాను. "కావలసినవాళ్లు దించుకుంటారోయ్. అందరి నెత్తినా రుద్దడం ఎందుకు? ఆ ఉప్పు ఇలా అందుకో" అన్నారాయన. ఉప్పు అందించాను. పక్కనే ఉన్న అత్తయ్య, "కూతురి చేత అక్షరాలు దిద్దించే వయసులో నువ్వు దిద్దుకుంటున్నావేమిటమ్మాయ్!" అని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే కోపం వచ్చిందంటారు.

ముందే ఉండడం అంటే ఏమిటి? ఎవరూ అడగకుండానే ఉండడం. కోరుకున్నదానికి మనిషి కృతజ్ఞత చెబుతాడు, ముందే ఉన్నదాన్ని వాడుకుంటాడు. అందువల్లనే ఏది ముందే ఉండాలో నిర్ణయించేవాడే అసలు యజమాని. మా ఇంట్లో ముందే ఉన్నవాటిలో నేనొకదాన్ని. ఇది కొత్త ఆలోచన కాదు, కాని ఆ పూట అది సిద్ధాంతంగా కాక మెడనొప్పిగా తెలిసింది.

ఆ గొంతు గల అమ్మాయిని ఆఫీసులో మెరుపు అంటారట. ఆఫీసు పేజీలో ఆమె ఫోటో వెతికి చూశాను. కత్తిరించిన జుట్టు, వెనక తెల్లటి గోడ. ఆరేసిన బట్ట ఒక్కటి లేదు. తాళంచెవి పోలిక నాదైతే దొంగ అని తిట్టుకొని హాయిగా ఉండేదాన్ని. అది నాది కాదు. నాకన్నా బాగా చెప్పింది. భరించలేకపోయింది అదే. నిజాయితీగా ఇంకొక ప్రశ్న కూడా వేసుకున్నాను: ఈ మంట మావారి గురించేనా? ఆయనను ఎవరో ఎత్తుకుపోతారన్న భయం నాకు లేదు. ఆయన మేజోళ్లు ఎక్కడుంటాయో తెలియని మనిషితో ఆయన ఒక పూట కూడా గడపలేరు. కాని ఆ 'అద్భుతం' నాకు కావాలి. ఆ స్వరంలో, అంత గట్టిగా. అసూయ పరాయి సొత్తును కోరుతుందంటారు. నాది నా సొత్తును పరాయి చేతిలో చూసి కోరుకునే రకం.

సమావేశం ముగించి ఆయన వంటింట్లోకి వచ్చారు. "సాయంత్రం ఆఖరి సమావేశం. డైరెక్టర్ గారు సరేనంటే రేపే విడుదల. ఫాంట్లకు వేరే ఒక మనిషిని పెడుతున్నాం. ఆ పని ఆ అమ్మాయికే ఇప్పిద్దామనుకుంటున్నా. నువ్వు ఒక్కసారి చూసిపెట్టు. అలాగే కాస్త టీ."

"ఇది నేను ఎప్పుడో చెప్పానండీ."

"ఏది?"

"ఫాంట్లు ముందే ఉండాలని."

"చెప్పావా? చెప్పే ఉంటావులే. నువ్వు చెప్పేవన్నీ ఎక్కడ గుర్తుపెట్టుకోను!" నవ్వారు. "ఆ అమ్మాయి చెప్పిన తీరు వేరోయ్."

టీ ఇచ్చాను. ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేసి, కొత్తది ఎక్కించడం మొదలుపెట్టాను.

తొలి తెర వచ్చింది. 'మీ భాషను ఎంచుకోండి' అని అడిగే తెర అది. మొదటి వరుసలో ఉన్న ఒక్క భాష పేరు చక్కగా కనిపించింది. దాని కింద వరుసలు వరుసలుగా డబ్బాలు. మన భాష పేరు కూడా డబ్బాలే.

కాసేపు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అన్ని ఫాంట్లూ ఇన్‌స్టాలర్‌లో ఉన్నాయి. కాని భాషను ఎంచుకున్న తర్వాతనే అవి తెరుచుకుంటున్నాయి. చుట్టాలకు లోపల పీటలు వేసి, వీధి తలుపు గడియ తీయడం మరిచిపోయినట్టు. ఆమె పోలికకు దీటైనది నాకూ దొరికిందని ఒక క్షణం మురిసిపోయాను కూడా. అసూయ ఎంత చిన్న పనికైనా దిగుతుంది.

ఆఫీసులో ఇది ఎవరికీ కనబడకపోవడం వింత కాదు. మొదటి వరుసలోని భాష వాళ్లందరికీ వచ్చు. ఆ తెర రాగానే చూడకుండా ఎంటర్ కొట్టి ముందుకు పోతారు. మెరుపు కూడా అంతే చేసి ఉంటుంది. తమకు అక్కరలేని ప్రశ్నను మనుషులు ఆగి చదవరు.

నాకు సంతోషం వేసింది. ఇంత లేకిగా ఉంటుందా సంతోషం! నేను నోరు మూసుకుంటే చాలు. రేపు విడుదలవుతుంది. ఊరూరా డబ్బాలు కనిపిస్తాయి. ఆ తెల్లటి గోడ ముందు ఆ ముఖం ఎలా ఉంటుందో చూడవచ్చు. ఇన్నేళ్ల నా మౌనానికి మొదటిసారి పదును వచ్చింది.

"అంతా బాగుందా?" ముందు గదిలోంచి మావారు.

"చూస్తున్నాను."

"ఎంతసేపమ్మాయ్ ఆ డబ్బాలు చూస్తావు? ఇక్కడ పంచదార డబ్బా ఖాళీ అయింది, అదీ చూడు" అన్నారు అత్తయ్య.

పంచదార పోసి వచ్చి మళ్లీ కూర్చున్నాను. మౌనంగా ఉంటే ఏమవుతుంది? ఏదో చిన్న ఆసుపత్రిలో ఒక ఆయా ఈ తెర ముందు నిలబడి, తన భాష ఏ డబ్బాల వెనక ఉందో ఊహించవలసి వస్తుంది. ఆమె నాకేం అపకారం చేసింది? మావారికి చెబితే? ఆయన సమావేశంలో పెద్దమనిషి తరహాలో సవరిస్తారు. ఆ అమ్మాయి, "అద్భుతం సార్" అంటుంది. రెండు దారుల్లోనూ నేను లేను. అన్నిటికన్నా నన్ను పొడిచిన సంగతి ఇది: నేను ఆమెను చూసి ఇంతగా రగిలిపోతున్నాను, ఆమెకు నేనున్నట్టే తెలియదు. పోటీలో లేనివాళ్లు పడే అసూయకు కనీసం ఓడిపోయే గౌరవం కూడా ఉండదు.

తప్పు సరిచేయడం పెద్ద పని కాలేదు. ఫాంట్లు తొలి తెరకంటే ముందే తెరుచుకునేలా వరుస మార్చి, మళ్లీ మొదటినుంచి ఎక్కించాను. ఈసారి భాషలన్నీ తమ తమ లిపుల్లో నిలబడ్డాయి. మన భాష పేరు నేను గీసిన అక్షరాల్లో ఉంది. దిద్దిన భాగాన్ని విభాగంలో అందరికీ ఒకేసారి, నా పేరుతో పంపాను. మావారి సమావేశం మొదలైన చప్పుడు వినిపించింది. ఆఫీసులో నా పాత ఖాతా ఎవరూ మూసివేయలేదు. దానితో భోజనాల బల్ల దగ్గరినుంచే సమావేశంలో చేరాను.

తెరమీద మావారి ముఖం నన్ను చూసి, తర్వాత గది తలుపు వైపు తిరిగింది. "ఏమోయ్, పొరపాటున నొక్కావా?"

"లేదండీ, చూసే నొక్కాను." డైరెక్టర్ గారికి నమస్కారం చేసి, తొలి తెర సంగతి చెప్పాను. డబ్బాలు చూపించాను. దిద్దినది చూపించాను.

మెరుపు తన తెర మీదికి వంగి చూసింది. "అయ్యో, నేను ఎంటర్ కొట్టేశానండీ. ఎప్పుడూ అంతే కొడతాను."

"అందరూ అంతే కొడతారు" అన్నాను. ఓదార్చడానికి కాదు, అది నిజం కాబట్టి.

"ఈ ఫాంటు గీసినావిడ మీరేనా? మానేశారని చెప్పారే?" నా పేరు చూసి అంది ఆ అమ్మాయి.

"ఉద్యోగం మానేశాను. పని మానలేదు."

"సరే సరే, దిద్దేశావుగా," మావారు గొంతు సవరించుకున్నారు. "నాకు పంపెయ్యి, నేను కలిపేస్తాను."

"అందరికీ పంపానండీ. ఫాంట్ల బాధ్యత నాకు కావాలి. ఇంటి నుంచి చేసే సాయంగా కాదు, ఉద్యోగంగా."

"నేనూ అడిగానండీ ఆ పని," అంది మెరుపు వెంటనే. "నేను వదులుకోను."

"వదులుకోవద్దు. ఇద్దరం అడుగుదాం. మన పని చూసి డైరెక్టర్ గారే తేల్చాలి. ఇందులో మావారికి మాత్రం ఓటు వద్దు."

డైరెక్టర్ గారు నవ్వు ఆపుకున్నారు. మావారి ముఖంలో మాత్రం ఆపుకోవలసినంత నవ్వు లేదు. ఆ అమ్మాయి నన్ను తేరిపార చూసింది. మొదటిసారి ఆమె నుదుటి మీద ఒక గీత కనిపించింది. అది నావల్ల పడింది. నాకు బాగుందనిపించింది.

"ఇంట్లో మాట్లాడుకొని, తొందరేం లేదు, ఆలోచించుకొని దరఖాస్తు పంపండి" అన్నారు డైరెక్టర్ గారు.

"ఆలోచించానండీ" అన్నాను. ఆయన తర్వాతి విషయానికి వెళ్లకముందే దరఖాస్తు పంపేశాను.