ఎలగ తెలుసు మేడం

నాగసుధకు పిల్లలు పెట్టిన పేరు ‘ఎలగ తెలుసు మేడం’. ఆ సంగతి తెలిసి ఆవిడ పొంగిపోయింది కూడా. ఎందుకు పొంగిపోదూ! కాశీబుగ్గలో బస్సెక్కి, సోంపేటలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో కుక్కుకుని ఈ సముద్రపొడ్డు హైస్కూలుకు వచ్చేది ఉత్త పాఠాలు వల్లె వేయించడానికా? తొమ్మిదో తరగతికి శనివారం చివరి పీరియడు ఆటల పేరుతో గాలికి పోతోంటే, హెడ్మాస్టరు ధర్మారావుగారిని బతిమాలి పుచ్చుకుంది. మనకు తెలుసు అనుకున్నది నిజంగా ఎలా తెలుసు? ఇదీ పాఠం. పుస్తకం లేదు, మార్కులు లేవు. వాళ్ల నాన్నగారు పురోహితుడు, తర్కం చదివినవాడు. చిన్నప్పుడు అన్నం కలిపి ముద్దలు పెడుతూ ఆయన చెప్పిన కబుర్లే ఇవన్నీ.

ఆ శనివారం బోర్డు మీద మూడు మాటలు రాసింది. ప్రత్యక్షం, అనుమానం, శబ్దం.

“కళ్లారా చూసి తెలుసుకునేది ప్రత్యక్షం. చూసినదాన్నిబట్టి చూడనిదాన్ని ఊహించి తెలుసుకుంటే అనుమానం. నమ్మదగినవాళ్లు చెప్పగా తెలిసేది శబ్దం. ఏదీ, అనుమానానికి ఒక ఉదాహరణ చెప్పండి.”

“మా మావకి మా అత్తమీద అనుమానం మేడం,” అన్నాడు కామేశ్.

క్లాసు గొల్లుమంది. నాగసుధ కూడా నవ్వింది. ఆ అనుమానం వేరు, ఈ అనుమానం వేరు అని అప్పుడే విడమరిచి చెప్పి ఉంటే ఎంత బాగుండేది! నవ్వులో పడి మరిచిపోయింది, మహాతల్లి.

అప్పుడు లేచింది మోహిని. సముద్రం మీద చేపల వేటకెళ్లే పాపారావు కూతురు, మాట్లాడమన్నా మాట్లాడని పిల్ల.

“మా అయ్యకి కాళ్లు పొంగినాయి మేడం. కాళ్లు పొంగితే కిడ్నీ. మా అయ్యకి కిడ్నీ వచ్చీసింది.”

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ఉద్దానంలో ఆ మాటకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. ఒంట్లో ఉండే కిడ్నీ కాదది, ఇంటికి వచ్చే కిడ్నీ. ఎందుకొస్తుందో పెద్ద పెద్దవాళ్లు వచ్చి నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, ఇదమిత్థమని తేల్చి చెప్పినవాడు లేడు.

నాగసుధ అక్కడ ఆగాల్సింది. పిల్లను దగ్గరికి తీసుకుని ఎప్పట్నుంచమ్మా అని అడగాల్సింది. కానీ పాఠం ఊపులో ఉంది కదా!

“చూశారా, ఇది అనుమానం,” అంది హుషారుగా. “ప్రత్యక్షం కాదు. పొద్దున్నే కొబ్బరితోటల మీద మంచు చూసి జీడి ఫ్యాక్టరీ పొగ అనుకోమూ? అలాగే కాళ్లు పొంగిన ప్రతివాడికీ కిడ్నీ అనేస్తే ఎలా? ఎండలో గంటల తరబడి నిలబడి వల లాగినా పొంగుతాయి. మోహినీ, మీ నాన్నకు కిడ్నీ అని నీకెలా తెలుసు?”

“తెల్దు మేడం,” అంది మోహిని. అంటూంటే దాని మొహం విచ్చుకుంది. ఇంతలో బెల్లు కొట్టారు. అనుమానం వస్తే దాన్ని పరీక్ష చేసి ఎలా తేల్చుకోవాలో వచ్చే శనివారం చెబుతానంది నాగసుధ. వచ్చే శనివారం తుఫాను సెలవు. ఆ తరువాత పరీక్షలు. ఆ ముక్క అలాగే ఉండిపోయింది.

కార్తీకంలో మోహిని బడికి రావడం మానేసింది. రెండు వారాలు చూసి, మనసాగక, ఒక మధ్యాహ్నం నాగసుధే ఆటో కట్టించుకుని వాళ్ల పేటకు వెళ్లింది. అరుగు మీద నులక మంచంలో పాపారావు పడుకుని ఉన్నాడు. మెడ పక్కన గొట్టం, దాని మీద కట్టు. మొహం ఉబ్బి, ఒళ్లు నల్లబడిపోయింది. వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నారట. ముందే తెచ్చి ఉంటే మందులతో కొన్నేళ్లు నెట్టుకొచ్చేవాడేమో అన్నాడట డాక్టరు.

“మరి ముందే ఎందుకు తీసుకెళ్లలేదమ్మా?” అంది నాగసుధ, ఒకింత కోపంగానే.

పాపారావు పెళ్లాం సన్యాసమ్మ స్టూలు తెచ్చి వేసింది. కొంగుతో తుడిచింది కూడా.

“తెల్లారితే రగతం పరీచ్చకి ఎల్దామని కాళ్లూ గెడ్డం పట్టుకుని ఒప్పించినానమ్మా. ఆ సాయంత్రమే గుంట బడినుంచి పరిగెట్టుకొచ్చి, ‘అయ్యా, నీది ఉత్త అనుమానమేనట, కిడ్నీ కాదట, మా మేడం బోర్డు మీద రాసీసినారు’ అనీసింది. ఈయన ముకం సూడాల మీరు! ఆ పూట సేపల పులుసు ఒండించుకుని కడుపునిండా తిన్నాడు. మర్నాడు ఏటకెల్లిపోనాడు.”

నాగసుధ స్టూలు మీంచి లేచిపోయింది.

“నేను అనుమానం అన్నది... ఆ అర్థంలో కాదమ్మా,” అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఏ అర్థంలో అయితేనేం? ఎవరికి చెబుతోంది? తన నోటిమీద తనకే అసహ్యం వేసింది.

“గుంటనేటీ అనకండమ్మా,” అన్నాడు పాపారావు, చేతులు జోడించబోతూ. “నాకే ఎల్లాలని నేదు. పరీచ్చకెల్లినోడు ఒక్కడైనా బతికినాడేటి? నాలుగచ్చరాలొచ్చినోరు కాదన్నారు, అదే సాలనుకున్నాను.”

ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. టీ ఇచ్చారు.

ఆటోదాకా మోహిని వెంట వచ్చింది. ఇసకలో కాలి వేలితో గీతలు గీస్తూ నిలబడింది.

“మేడం, నాను ఆ రోజు ఏటీ సెప్పకుండా ఉంటే అయ్య పరీచ్చకెల్లేవోడు.”

“నీ తప్పు కాదమ్మా. నాది.”

“ముందే ఎల్లినా ఇలగే అయ్యేదేటి? మీకు తెలుసా మేడం?”

తెలియదు. నిజంగా తెలియదు. ఆ నీళ్లలో ఏముందో తెలియనట్టే, ఆ మట్టిలో ఏముందో తెలియనట్టే ఇదీ తెలియదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడమే చదువుకు మొదటి మెట్టని క్లాసులో ఎన్నిసార్లు చెప్పిందో.

మోహిని ఆవిడ చీర చెంగు పట్టుకుంది. “ఇలగే అయ్యేదని సెప్పీయండి మేడం. మీరు సెప్తే నమ్మీస్తాను.”

“ఇలాగే అయ్యేదమ్మా,” అంది నాగసుధ. “ముందు వెళ్లినా ఇలాగే అయ్యేది.”

మోహిని కళ్లు తుడుచుకుని తల ఊపింది. ‘ఎలగ తెలుసు’ అని అడగలేదు.