నూటికి తొంభయ్యారు భుజం

కత్తెర మామ కుడి భుజమంటే ఆ ఆస్పత్రికి ఎనలేని గర్వం. మామ ముప్పై ఏళ్లుగా సెలూన్ నడుపుతున్న మనిషి. ఆయన అసలు పేరు ఆస్పత్రి చీటీలో తప్ప మరెక్కడా వినపడదు. భుజంలో తెగిన కండరాన్ని ఎముకల డాక్టరు మూడు బెజ్జాలు పెట్టి కుట్టేశాడు. ఆరు నెలలు తిరిగేసరికి, మామ రెండు చేతులూ పైకెత్తి నవ్వుతున్న ఫొటో వరండా గోడకెక్కింది. దొంగలు పడి బెదిరించినా ఎవరూ అంత నిటారుగా చేతులెత్తరని ఆయా మురిసిపోయింది.

అయితే మామకు కావలసింది గోడ మీద ఫొటో కాదు, అద్దం ముందు కుర్చీ. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ దాని వెనక బావమరిది నిలబడుతున్నాడు. "ఒక్క తల నీ చేత్తో మొదలుపెట్టి పూర్తి చెయ్ బావా, ఆ క్షణమే పక్కకు జరుగుతా. అందాకా బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పు," అన్నాడు. పైకి మర్యాదగానే అన్నాడు కానీ, ఆ మాటకు మామకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

డాక్టరు దగ్గర ఒక కాగితం ఉంది. భుజం బాగుపడిందో లేదో అదే తేల్చేస్తుంది, భుజాన్ని అడిగే పనే లేదు. చొక్కా తొడుక్కోగలవా? వీపు గోక్కోగలవా? నీ తల నువ్వు దువ్వుకోగలవా? మామది నున్నటి బట్టతల. దువ్వడానికేముందండీ అంటే, ఇబ్బంది లేదన్నమాట అని డాక్టరు నిండా మార్కులు వేశాడు. ఎదుటివాడి తల ఊసే ఆ కాగితంలో లేదు. చెయ్యి ఎత్తి అలాగే ఉంచితే లాగేస్తోందని మామ రెండుసార్లు చెప్పబోయాడు. డాక్టరు కోణం కొలిచే స్కేలు పెట్టి, నూట డెబ్బై డిగ్రీలు చూపించి, ఆయన నోరు మూయించాడు. మొత్తానికి నూటికి తొంభయ్యారు వచ్చాయి. మామకు బళ్లో కూడా ఏనాడూ అన్ని రాలేదు.

ఆ భుజం గురించి ప్రసంగించమని డాక్టరుకు పెద్ద డాక్టర్ల సభ నుంచి పిలుపొచ్చింది. సభ రోజు పొద్దున్నే ఆయన తిన్నగా సెలూన్‌కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మామే కత్తిరించాలట, ఆ సంగతి కూడా సభలో చెబుతాడట. బావమరిది గుడ్డ కప్పి తప్పుకున్నాడు. ఇంతకన్నా మంచి తల ఈ జన్మకు దొరకదనుకుని మామ కత్తెర అందుకున్నాడు.

ఎడమ సగం కడిగిన ముత్యంలా వచ్చింది. మెడ వెనగ్గా కుడి పక్కకు తిరిగేసరికి మోచెయ్యి వణకసాగింది. మామ పంటి బిగువున మరో నాలుగు కత్తిరింపులు కానిచ్చాడు. ఐదోదానికి చెయ్యి వాలిపోయి, కత్తెర డాక్టరు ఒళ్లో పడింది.

డాక్టరు అద్దంలోకి చూసుకున్నాడు. సగం పెళ్లికొడుకు, సగం పిచ్చుకగూడు. చెయ్యెత్తమన్నాడు. మామ చెవికి ఆనేలా ఎత్తాడు, అచ్చం ఫొటోలో లాగే, ఒక్క డిగ్రీ తగ్గకుండా. సిగ్గుతో మామకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆరు నెలల్లో డాక్టరు మొదటిసారి అడిగాడు. "ఎంతసేపు ఆగుతుంది చెయ్యి?"

"సగం తల దాకా అండీ."

డాక్టరు జేబులోంచి కాగితం తీశాడు. ఈ జవాబు రాయడానికి అందులో గడి లేదు. చాలాసేపు వెతికి, చివరికి అంచున రాసుకున్నాడు. మిగతాది తను కానిచ్చేస్తానని బావమరిది కత్తెరతో ముందుకొచ్చాడు.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడు డాక్టరు గుడ్డ విప్పేస్తూ. "మొదలుపెట్టింది ఆయన. చెయ్యి నిలబడే దాకా రోజూ వస్తా."

అలా సగం తలతోనే సభకు బయలుదేరాడు. బావమరిది కుర్చీ దులిపి, రేపటికని మామ వైపు తిప్పిపెట్టాడు.