గోడని తిట్టని రోజు

వంతెన మీదుగా నీళ్ళు పారిన పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు జరిగిందిది. ఆసుపత్రిలో అందరూ కాలాన్ని అలాగే లెక్కపెట్టేవారు: వరదకి ముందు చేరినవాళ్ళు, వరద తర్వాత చేరినవాళ్ళు. అత్యవసర విభాగం గోడ మీద మనిషి ఛాతీ ఎత్తున ఒక బురద గీత ఉండేది. దానిమీద సిమెంటు పూసి సున్నం కొట్టారుగానీ, వాన పడ్డప్పుడల్లా ఆ గీత మళ్ళీ పైకి తేలేది.

ఇప్పుడా గది లేదు. దాని చోట అద్దాల తలుపులు, వాటంతటవే తెరుచుకుంటాయి. అప్పుడైతే చెక్క తలుపు, కాలితో తన్నితేగానీ తెరుచుకునేది కాదు. లోపలికి అడుగు పెడితే స్పిరిటు వాసన, తడి దుప్పట్ల వాసన. మూలన స్టవ్ మీద గాజు సిరంజిలు గలగలమంటూ మరుగుతుండేవి. ఆ చప్పుడు ఇప్పటికీ ముత్యాలు చెవుల్లో ఉంది.

ముత్యాలు ఆ గదిలో స్ట్రెచర్ తోసేవాడు. కాగితాల మీద అతని ఉద్యోగం వార్డు బాయ్. యాభై రెండేళ్ళొచ్చినా బాయే. ముత్యాలన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. చేరిన కొత్తలో సిస్టరమ్మ ఏదో అడిగి అడిగి విసిగిపోయి, "నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా ఏంటి?" అంది. ఆ పేరే అతుక్కుపోయింది. ఇంట్లో భార్యది కూడా అదే గోల. ఈయన పలకాలంటే అర్జీ పెట్టుకోవాలని పక్కింటివాళ్ళతో అంటుండేది.

సిరంజిలు మరిగిన నీళ్ళు పారబోయడానికి ముత్యాలుకి మనసొప్పేది కాదు. బకెట్లో పోసి, చన్నీళ్ళు కలిపి, తాగి పడిపోయి వచ్చినవాళ్ళ కాళ్ళు కడిగేవాడు. ఎవరూ చెప్పిన పని కాదది. రోడ్డు మీద పడుకునేవాళ్ళని ముట్టుకోవాలంటే కొత్తవాళ్ళు మొహం చిట్లించేవారు. ముత్యాలు మాత్రం బకెట్ పక్కన గొంతుక్కూచుని, వేళ్ళ సందుల్లో మట్టి పోయేదాకా రుద్దేవాడు. తర్వాత వాళ్ళ మూటకి గుడ్డపీలిక కట్టి అల్మారా మీద పెట్టేవాడు. తెల్లారి ఎవరి మూట వాళ్ళకి, లోపలున్నది లోపలున్నట్టే ఇచ్చేవాడు.

వాళ్ళని పడుకోబెట్టడానికి తెర వెనక, గోడవార, ఒక ఇనప మంచం ఉండేది. దానికి అల్లుడి మంచమని పేరు. "పిలవకుండా వస్తారు, లేవమంటే లేవరు, మర్యాద తగ్గిందా అరుస్తారు. అల్లుళ్ళు కాకపోతే ఎవరు?" అనేది సిస్టరమ్మ. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, కింద ఓ చిప్ప పెట్టాలి, మత్తు దిగేదాకా వదిలెయ్యాలి. అదీ ఆ మంచం పద్ధతి. పెద్ద డాక్టర్లు వచ్చారు, పోయారు. ఆ పద్ధతి మాత్రం మారలేదు.

అల్లుళ్ళందరిలోకీ పెద్దల్లుడు మేస్త్రీ. ఒకప్పుడు మంచి తాపీ పనివాడు. వరదలో ఇల్లు కూలిపోయింది. ఊళ్ళో సగం గోడలు పూసినవాడికి ఆనుకుని కూచోడానికి గోడ లేకుండా పోయింది. మూటలో తాపీ ఒకటి పెట్టుకుని బస్టాండు చూరు కింద కాలం గడిపేవాడు. వారం పది రోజులకోసారి ఎవరో ఒకరు మోసుకొచ్చేవారు.

వస్తూనే అల్లుడి మంచం మీద కూలబడి, వేలి కణుపులతో గోడ మీద కొట్టి చూసేవాడు.

"ఏ గాడిద పూశాడ్రా ఈ గోడ? వినరా ముత్యాలూ, బోలుగా మోగుతోంది. తడి ఆరకుండానే సిమెంటు కొట్టి చేతులు కడుక్కున్నారు. లోపలంతా నీళ్ళు, పైన పౌడరు!"

"గోడ సంగతి తర్వాత, ముందు నువ్వు నిటారుగా కూచో" అనేది సిస్టరమ్మ.

"నేను వంగితే ఎవడికి నష్టం సిస్టరమ్మా? గోడ వంగకూడదు. అదీ పనంటే!"

ఒకసారైతే చీటీ రాయడానికి పేరడిగితే గుర్తు రాలేదు. గుడ్లు తేలేశాడు. కానీ ఆ గోడ పూసినవాణ్ణి మాత్రం ఏడు తరాల దాకా తిట్టిపోశాడు. గదిలో దెబ్బలతో ఉన్నవాళ్ళు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆరోజు మధ్యాహ్నం ముసురు పట్టింది. బోల్తా పడిన ఆటోలోంచి ఐదుగుర్ని తెచ్చారు. గదంతా ఏడుపులు. చిన్న డాక్టరు పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కుట్లు వేస్తున్నాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు, మంచి కుర్రాడు. అప్పుడు బస్టాండు కూలీలిద్దరు మేస్త్రీని భుజాల మీద వేలాడదీసుకొచ్చారు.

"మెట్ల కింద పడున్నాడండీ. పక్కనే సీసా పగిలుంది. మళ్ళీ మొదలెట్టాడు" అని దించేసి వెళ్ళిపోయారు.

మనిషి దగ్గరికెళ్తే సారా గుప్పుమంది. డాక్టరు ఒక్క అడుగు ఇటేసి నాడి పట్టుకుని చూశాడు. "నాడి బానే ఉంది. అల్లుడి మంచం మీద వెయ్యండి" అని మళ్ళీ సూది అందుకున్నాడు.

ముత్యాలు పడుకోబెట్టాడు. చిప్ప పెట్టాడు. బకెట్ తెచ్చి కాళ్ళు కడగడం మొదలెట్టాడు. మేస్త్రీ సగం కళ్ళు తెరిచి, చేతులు జోడించబోయాడు. ఒక చెయ్యే లేచింది.

"అయ్యా, మీకెందుకండీ శ్రమ" అని గొణిగాడు. గోడవైపు తల తిప్పుకుని కళ్ళు మూశాడు.

ముత్యాలు చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. అయ్యా ఏమిటి? రెండేళ్ళుగా ఒరే తప్ప ఇంకో పిలుపు లేదు. పైగా ఆరోజు ముసురుకి గోడ చెమ్మగిల్లి, సరిగ్గా మేస్త్రీ మొహానికెదురుగా అరచేయంత పెచ్చు ఊడిపోయి ఉంది. దాన్ని చూసి కూడా ఒక్క తిట్టు తిట్టలేదు.

వంగి వాసన చూశాడు. చొక్కా గుప్పుమంటోంది. నోటి దగ్గర ఏమీ లేదు.

"మేస్త్రీ, పెచ్చూడిపోయింది చూడు" అన్నాడు చెవి దగ్గర. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తనే కణుపులతో గోడ మీద కొట్టాడు. బోలుగా మోగింది. మేస్త్రీ రెప్ప కదల్లేదు.

ముత్యాలు లేచాడు. డాక్టరు దాకా వెళ్ళాడు, వెనక్కొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, దూది డబ్బా సర్దుతున్నట్టు నిలబడి మళ్ళీ వచ్చాడు. డాక్టరుకి చెప్పేటంత చదువు తనకెక్కడిది? బళ్ళో మూడేళ్ళు కూచున్నాడంతే. రక్తాలు కారుతున్నవాళ్ళని వదిలి రమ్మని ఏ మొహం పెట్టుకుని అడగాలి? కానీ మేస్త్రీ ఊపిరి గురకలా మారుతోంది. మత్తులో పెట్టే గురక ముత్యాలుకి కొట్టిన పిండి. ఇది ఆ గురక కాదు.

"డాక్టరుగారూ!"

గొంతు అతనికే కొత్తగా వినిపించింది. గదిలో అందరూ తిరిగి చూశారు.

"మేస్త్రీ తాగలేదండీ."

"వాసనొస్తోంది కదయ్యా?"

"తాగింది చొక్కా. మనిషి కాదు."

"నీకెలా తెలుసు?"

"గోడని తిట్టలేదండీ."

కుట్లు వేయించుకుంటున్నతను ఆ నొప్పిలోనే ఫక్కున నవ్వాడు. డాక్టరుకి చిర్రెత్తుకొచ్చింది. "వేళాకోళానికి ఇదా సమయం?"

"వేళాకోళం కాదండీ. తన పేరు తను మర్చిపోయిన రోజు కూడా ఆ గోడని తిట్టాడు. ఇవాళ నన్ను అయ్యా అన్నాడు. దండం పెడితే ఒక చెయ్యే లేచింది. అదేం జబ్బో నాకు తెలీదు. ఒక్కసారొచ్చి చూడండి. ఏం లేకపోతే మీ ఇష్టమొచ్చినట్టు నన్ను తిట్టండి."

సిస్టరమ్మ చేతిలో కత్తెర కింద పెట్టేసింది. "వెళ్ళండి డాక్టరుగారూ, ఈయన్ని నేను చూసుకుంటాను. పదకొండేళ్ళలో ముత్యాలన్న ఇన్ని మాటలు కలిపి మాట్లాడటం నేను వినలేదు."

డాక్టరు తెర తొలగించి, మేస్త్రీ రెప్పలెత్తి టార్చి వేశాడు. ఒక కంటిపాప ఆవగింజంత ఉంది. రెండోది చొక్కా గుండీ అంత. డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. జుట్టులోకి వేళ్ళు పోనిస్తే చెవి పైన పెద్ద బొప్పి తగిలింది.

"తల లోపల రక్తం కారుతోంది. పెద్దాసుపత్రికి పంపాలి, ఇప్పుడే. అంబులెన్సు పిలవండి!"

ముత్యాలు స్ట్రెచర్ తోశాడు. వాలు దారి మీద అంత పరుగు పాతికేళ్ళ వయసులో కూడా పరిగెత్తలేదు. బండి ఎక్కించాక ఏదో గుర్తొచ్చి, వెనక్కి పరిగెత్తి, మూట తెచ్చి మేస్త్రీ కాళ్ళ దగ్గర పెట్టాడు. లోపల తాపీ టంగుమంది.

బండి మలుపు తిరిగేదాకా డాక్టరు వానలోనే నిలబడ్డాడు. "నేను వాసన చూశాను బాబాయ్, మనిషిని చూడలేదు" అన్నాడు. అంతకుముందెప్పుడూ బాబాయ్ అని పిలవలేదు.

"నేనూ కాళ్ళే కదండీ చూసేది, ఇన్నాళ్ళూ" అన్నాడు ముత్యాలు.

ఇంటికెళ్తే భార్య అడిగింది. "గొంతు బొంగురుపోయిందేం? వానలో తడిశావా?"

"మాట్లాడాను."

ఆవిడ వింతగా చూసి, ఇంకేం అడక్కుండా కంచం పెట్టింది. ముత్యాలు సరిగా తినలేదు.

పొద్దున్నే డ్యూటీకి వచ్చేసరికి అంబులెన్సు డ్రైవరు గుమ్మంలోనే ఎదురయ్యాడు. "మీ పెద్దల్లుడు గండం గట్టెక్కాడు అన్నా. గడ్డకట్టిన రక్తం తీసేశారంట. ఇందాక కళ్ళు తెరిచి, కట్టు మార్చే సిస్టర్ని ఏమడిగాడో తెలుసా? ఈ గోడ ఏ గాడిద పూశాడూ అన్నాడంట!"

సిస్టరమ్మ నవ్వబోయి పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చిన్న డాక్టరు రాస్తున్న కాగితం మీంచి తలెత్తలేదు, కలం మాత్రం ఆగింది.

ముత్యాలు లోపలికెళ్ళాడు. స్టవ్ వెలిగించి సిరంజిల గిన్నె పెట్టాడు. తర్వాత తెర తీసి మడతపెట్టాడు. అల్లుడి మంచాన్ని కీచుకీచుమనిపిస్తూ గది మధ్యగా ఈడ్చుకొచ్చి, సిస్టరమ్మ బల్లకీ డాక్టరు కుర్చీకీ ఎదురుగా, కిటికీ వెలుతురులో వేశాడు.

"అదేంటన్నా? అక్కడెందుకు?" అంది సిస్టరమ్మ.

"అక్కడ గోడ బాలేదమ్మా" అని, దుప్పటి దులిపి పరిచాడు.