పెద్దమ్మకు అబ్బిన ఆరో భాష

అనువాదాల కార్యాలయంలో ఆ ఉదయం కలాలు ఆగాయి, చెవులు నిక్కాయి. పాత కంప్యూటర్లన్నీ తుక్కుకు పోవలసిందేనని మేనేజరు. వాటిలో విండోస్ తీసేసి, పైసా ఖర్చులేని లినక్స్ వేసి బతికించానని టెక్నీషియను అమ్మాయి.

"పెద్దావిడ వాడగలిగితే ఉంచుదాం. లేదా, సాయంత్రం లారీ వస్తుంది," అని అతడు తేల్చేశాడు.

ఆ పెద్దావిడ అమ్మాయికి సాక్షాత్తూ పెద్దమ్మ. ఈ కార్యాలయం తరఫున కోర్టులో ఐదు భాషల మధ్య మాటను మోసే దుబాసీ. కొత్త యంత్రమంటే మాత్రం ఆమడ దూరం. పంతం అమ్మాయిది, తీర్పు తన మనిషిది.

"ఉన్న విండోస్‌కి ఏమొచ్చిందే?" కుర్చీ లాక్కుంటూ అడిగింది పెద్దమ్మ.

"ఏమీ రాలేదు. అది సంతభాష, అందరికీ వచ్చు. దాని కొత్త మాటలకే ఈ ముసలివాటికి నోరు తిరగడం లేదు."

"మరి ఆ నాజూకు మ్యాకు?"

"వియ్యపురాలి భాష. అన్నీ నవ్వుతూనే చెబుతుంది, వంటింట్లోకి మాత్రం రానివ్వదు."

పక్క బల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

"నీ లినక్సో?"

"ఉమ్మడి కుటుంబం. గదికో యాస. ఎవరికివాళ్లు మాదే అసలు మాటంటారు. కానీ ఎవరైనా కొత్త మాట చేర్చొచ్చు పెద్దమ్మా."

"చూద్దాం నీ కుటుంబం మర్యాద!"

నిఘంటువును ఎక్కించే ఆజ్ఞను అమ్మాయి చెబుతుంటే పెద్దమ్మ అక్షరం అక్షరం కొట్టింది. నీకు అధికారం లేదంది తెర. లారీవాడికి చెప్పేందుకు మేనేజరు ఫోన్ బయటికి తీశాడు.

"నాకా? లేదనడానికి ఇదెవతే?"

"ముందు సుడో అని కొట్టు. ఎవరి అధికారంతో అడుగుతున్నావో దానికి చెప్పాలి," అంది అమ్మాయి.

పెద్దమ్మ వేళ్లు గాలిలో ఆగాయి. కళ్లజోడు పైకి జరిగింది.

"ఓసి పిచ్చిదానా, ఆ ముక్క ముందే చెప్పొద్దూ! నేను రోజూ చేసేదీ అదేగా? ఫలానావారి తరఫున అనకుండా నోరు విప్పితే జడ్జిగారు నాకూ గుమ్మం చూపిస్తారు."

మళ్లీ కొట్టింది. వరుసలు జలజలా పారాయి, నిఘంటువు తెరుచుకుంది.

"లారీవాణ్ణి రావద్దనండి," అంది మేనేజరుతో. "ఐదు భాషలకు సగం ఆయుష్షు పట్టింది, ఆరోది ఇవాళే అబ్బింది. గురువెవరని అడగరేం?"

అతడు నోరు తెరిచేలోగా తనే అందుకుంది.

"మా అమ్మాయండీ! కన్నది నా చెల్లెలు, అంతే తేడా."

అమ్మాయి సిగ్గుతో తల వంచుకుంది. నవ్వు మాత్రం వంగలేదు.