పక్క కుర్చీలో అన్నయ్యగారు

ఉమామహేశ్వరరావు డయాలసిస్ సెంటర్ తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టగానే శ్యామసుందరికి ప్రాణం లేచొచ్చింది. అలాంటి చోట తెలిసిన మనిషి కనిపిస్తే ఎవరైనా జాలిపడతారు. ఆవిడ పడలేదు. మాస్కు చాటున మనసారా నవ్వుకుంది. ఆస్ట్రేలియాలో, పెర్త్ శివారు కానింగ్ వేల్‌లోని ఆ సెంటర్‌కి వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగున్నర గంటల చొప్పున నాలుగేళ్లుగా వస్తోంది. అక్కడ ఆవిడ నవ్వడం అదే మొదలు.

అంత కక్ష ఊరికే పుట్టలేదు. ఆవిడ చెల్లెలు లీల సిడ్నీలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉంటుంది. అక్కకు కిడ్నీ నేనిస్తానని మొదట్లోనే చెప్పింది. ఇంతలో కోవిడ్ వచ్చి పెర్త్‌కి దారులు మూసేశారు. రెండేళ్లు ఆ పిల్ల అక్కడ, ఈవిడ ఇక్కడ. ఆ రెండేళ్లూ శ్యామసుందరికి పేరంటం లేదు, గుడి లేదు. యూనివర్సిటీ నుంచి కొడుకు కిట్టు వస్తే గది గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడేది. నాలుక పిడచకట్టుకుపోతే, నీళ్లు తాగకూడదు గనక ఐసుముక్క చప్పరించేది. ఎలాగో బతికిందంటే లీల వస్తుందన్న ఒక్క ఆశతోనే. మొన్న మార్చిలో దారులు తెరవగానే లీల వచ్చింది. పరీక్షలన్నీ కలిశాయి. ఏప్రిల్‌లో ఆపరేషన్ అన్నారు.

ముందుగా సత్యనారాయణ వ్రతం చేసుకోవాల్సిందేనని భర్త రామానుజం పట్టుబట్టాడు. పిలిచింది ఒక్క జంటనే, దగ్గర్లోనే పియారా వాటర్స్‌లో ఉండే రామానుజం స్నేహితుడు ఉమామహేశ్వరరావునీ ఆయన భార్య భానుశ్రీనీ. టెస్టు చేసుకుని రండని శ్యామసుందరి మరీ మరీ చెప్పింది. మహానుభావుడు టెస్టు చేసుకున్నాడు. కోవిడ్ ఉందని తేలింది. తేలినా వచ్చాడు! వ్రతానికి పిలిచాక వెళ్లకపోతే, ప్రసాదం వదిలేస్తే, స్వామికి ఆగ్రహం వస్తుందట. గొంతులో గరగరని అల్లంముక్కతో అణుచుకుని, కథ ఐదధ్యాయాలూ కూర్చుని విని, ప్రసాదం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. ఈ సంగతంతా తర్వాత భానుశ్రీయే ఫోన్లో ఏడుస్తూ చెప్పింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ మంచం పట్టారు. శ్యామసుందరి పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడింది. లీలకు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది. మనిషి దక్కింది గానీ, ఇక కిడ్నీ ఇవ్వడానికి పనికిరాదని డాక్టర్లు తేల్చేశారు. అప్పుడు ఉమామహేశ్వరరావు చేసిందల్లా ఒక మెసేజ్ పెట్టడం: "అంతా స్వామి సంకల్పం చెల్లెమ్మా."

ఆయనకు ఎన్నో ఏళ్లుగా షుగరు. అక్టోబరుకల్లా రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. నర్సు ఆయన్ని తెచ్చి సరిగ్గా శ్యామసుందరి పక్క కుర్చీలోనే కూర్చోబెట్టింది. మొదటి వారమంతా ఆవిడకు పండగే. పిక్కలు పట్టేసి ఆయన కేకలు పెడుతుంటే చెవులప్పగించి వింది. "ఇంకెంతసేపు చెల్లెమ్మా?" అని ఆయన మూలిగితే, "ఎంతండీ, ఇంకా మూడు గంటలేగా!" అని తీరిగ్గా జవాబిచ్చింది.

రెండో వారం శుక్రవారం నర్సు వచ్చి, ఏవి తినాలో ఏవి తినకూడదో రాసిన కాగితం ఆయన చేతికిచ్చి, వివరంగా చెప్పింది. ఆయన ప్రతి మాటకీ "యెస్, యెస్" అని తలూపి, కాగితం మడిచి జేబులో కుక్కుకున్నాడు. నర్సు అటు వెళ్లగానే ఇటు వంగాడు.

"ఈ తెల్లవాళ్లకేం తెలుసు చెల్లెమ్మా! కిడ్నీకి కొబ్బరినీళ్లని మించిన మెడిసిన్ లేదు. మా బావమరిది ఫోన్ చేసి మరీ చెప్పాడు. రెండు బాక్సులు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టా. వీకెండంతా అవే తాగితే మండేకల్లా సగం సెట్ అయిపోతా."

శ్యామసుందరికి తెలుసు: కొబ్బరినీళ్ల నిండా పొటాషియమే. మామూలు మనిషికి చలవ చేస్తుంది. పనిచెయ్యని కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోతుంది. పైగా సోమవారం దాకా మెషీన్ లేదు.

"మంచిదండీ," అంది.

అన్నాక కళ్లు మూసుకుంది. సోమవారం పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఎవరూ చంపలేదు, ఎవరి తప్పూ లేదు. భానుశ్రీకి పెట్టాల్సిన మెసేజ్ కూడా సిద్ధం చేసుకుంది: అంతా స్వామి సంకల్పం. మిగిలిన మూడు గంటలూ ఆ మాటనే తిప్పి తిప్పి రుచి చూసుకుంది. సిగ్గేమీ వెయ్యలేదు.

మెషీన్లు ఆపారు. ఉమామహేశ్వరరావు లేచి ఒళ్లు విరుచుకుని, "అమ్మయ్య, రెండ్రోజులు హాయి!" అంటూ బయటికి నడిచాడు.

హాయి! శ్యామసుందరి ఒళ్లు భగ్గున మండింది. ఆదివారానికి ఈయన చక్కగా పైకి వెళ్లిపోతాడు. సూదులు లేవు, దాహం లేదు. తను మాత్రం సోమవారం మళ్లీ వచ్చి ఇదే కుర్చీలో చెయ్యి చాపాలి. సూది గుచ్చిన చోట దూది అదుముకుంటూ కారు పార్కింగులోకి గబగబా నడిచింది.

"అన్నయ్యగారూ, ఆగండి! ఆ కొబ్బరినీళ్లు తాగారంటే మీ గుండె ఆగిపోతుంది. ఇంటికెళ్లగానే మొత్తం సింకులో పారబొయ్యండి. ఆ కాగితం తీసి చదవండి."

ఆయన జేబులోంచి కాగితం తీసి విప్పి చదివాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా ప్రాణం కాపాడావమ్మా. అంటే... నన్ను క్షమించినట్టేగా?"

"క్షమించడమా! మీరంత సులువుగా పోతే నేనొప్పుకుంటానా? రోజుకు లీటరు నీళ్లు, కాఫీ చారు మజ్జిగ అన్నీ అందులోనే. మామిడిపండు లేదు, ఊరికెళ్లడం లేదు, నిద్ర లేదు. నాలుగేళ్లు ఇలా బతికాను. మీ పుణ్యమా అని ఇంకెన్నేళ్లు బతకాలో తెలీదు. మీరూ బతకాలి. ఏం తినాలో, దాహం ఎలా ఓర్చుకోవాలో అన్నీ నేనే నేర్పిస్తా. నాకంటే ఒక్కరోజు కూడా ముందు పోవడానికి వీల్లేదు."

దణ్ణం పెట్టబోయిన ఆయన చేతులు సగంలోనే ఆగిపోయాయి. అవతల కారులోంచి భానుశ్రీ హారన్ కొట్టింది.

"సోమవారం ఏడింటికి," అంది శ్యామసుందరి. "ఆ పక్క కుర్చీ మీకే ఉంచమని నర్సుతో చెబుతాను."